మన మాట, మన రాత: పలక నుండి ఫోను దాకా

ఈ ఈ-సంచికలో పెద్దలు మన పాటల గురించి, పండుగల గురించి, పోరాటాల గురించి రాస్తారు. నేను చాలా చిన్నదిగా కనిపించే ఒక విషయం ఎంచుకున్నాను. మనం ఫోనులో రాసే రాత. అందులో అక్షరాలు, దీర్ఘాలు, ఒత్తులు, పేర్ల స్పెల్లింగులు సరిగా ఉండాలా, అక్కర్లేదా? "విషయం అర్థమైతే చాలు కదా మేడం" అని మా హాస్టల్‌లో పై తరగతి పిల్లలు అంటుంటారు. ఆ మాటలో నిజం ఉంది. అయితే అర్థం కావడం అంటే ఏమిటి, ఎవరికి అర్థం కావాలి, అర్థం కాకపోతే ఎవరు నష్టపోతారు అని అడిగితే, ఈ చిన్న విషయం వెనుక నూరేళ్ళకు పైబడిన చరిత్ర కనిపిస్తుంది. ఆ చరిత్రలో ఆదివాసులమైన మనకు పెద్ద భాగమే ఉంది. దాన్ని పిల్లలకు, వారి తల్లిదండ్రులకు చెప్పాలనే ఉద్దేశంతో ఈ వ్యాసం రాస్తున్నాను.

సవర మాటలకు అక్షరం పెట్టిన కాలం

ప్రతి ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. అది గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు పుట్టినరోజు. 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో రాజావారి బడిలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. బడుల్లో ఆ రోజు పిల్లల చేత ఆయన వాడుక భాష కోసం చేసిన పోరాటం గురించి ఉపన్యాసాలు ఇప్పిస్తాం. అంతకు ముందే ఆయన సవర భాష నేర్చుకున్నారన్న సంగతి మాత్రం ఒక్క వాక్యంలో దాటిపోతుంది. మన సంచికలోనైనా ఆ వాక్యాన్ని కొంచెం పెద్దదిగా చెప్పుకోవాలి.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండల్లో సవరలు ఉంటారు. సవర, తెలుగు రెండూ వచ్చిన ఒక మనిషిని దగ్గర పెట్టుకుని పంతులుగారు సవర నేర్చుకున్నారు. అడవుల్లో తిరిగి మాటలు, కథలు, పాటలు సేకరించారు. ఆ తిరుగుడులో మలేరియా వచ్చి, దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చిందని చెబుతారు. మాటల మీద అంత శ్రద్ధ పెట్టిన మనిషికి వినికిడి తగ్గిపోయింది. సవర పిల్లల కోసం బడులు పెట్టించి, తెలుగు అక్షరాలతో సవర వాచకాలు, పాటలు, నిఘంటువులు తయారు చేశారు. మద్రాసు ప్రభుత్వం డబ్బు బహుమానం ఇస్తానంటే వద్దని, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమని అడిగారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లోనూ, సవర - ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. ఆయన కుమారుడు గిడుగు వెంకట సీతాపతిగారు కూడా ఈ పనిలో కలిసి నడిచారు.

ఇందులో కష్టం ఎక్కడుందో టీచర్ ట్రైనింగ్ చదివిన వాళ్ళకు తొందరగా తెలుస్తుంది. తెలుగు, గోండి, కోయ, కువి, కొలామి ద్రావిడ భాషలు. సవర ఆ కుటుంబం కాదు, ముండా భాషల్లో ఒకటి. సంతాలీకి, ముండారికి చుట్టం. సవరలో కొన్ని మాటల దగ్గర గొంతులో గాలి టక్కున ఆగిపోతుంది. ఆ ధ్వనికి తెలుగులో అక్షరమే లేదు. అచ్చులు కూడా తెలుగులో ఉన్నట్టు ఉండవు. ఆ ధ్వనిని రాయకుండా వదిలేస్తే రెండు వేరు వేరు మాటలు ఒకటైపోయే ప్రమాదం ఉంది. అందుకే పంతులుగారు ప్రతి మాటనూ ఎలా పలుకుతారో అలాగే పట్టుకోవడానికి గుర్తులు వెతికారు. అప్పటిదాకా బయటివాళ్ళు సవర మాటను తమకు వినిపించినట్టు రాసుకున్నారు. ఆయన సవరలు పలికినట్టు రాయాలనుకున్నారు. సరైన వర్ణక్రమం అంటే అసలు అర్థం ఇదేనని నాకు అనిపిస్తుంది. ఎవరి మాటో వారి నోటిని గౌరవించి రాయడం.

వ్యాకరణం ఎవరి సొత్తు?

అప్పటికి సవరలో రాసిన పుస్తకం లేదు, కవి లేడు, పండితుడు లేడు. అయినా ఆ భాషకు వ్యాకరణం ఉంది. సవర పిల్ల ఎవరూ నేర్పకుండానే దాన్ని తప్పు లేకుండా మాట్లాడుతుంది. ఈ సంగతి దగ్గరగా చూసిన మనిషే తరువాత తెలుగు విషయంలో అదే ప్రశ్న అడిగారు.

చిన్నయసూరిగారి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. అది గొప్ప గ్రంథం. కానీ దాని ఆధారంగా బడి పిల్లలు ఎవరూ మాట్లాడని గ్రాంథికంలో వ్యాసాలు రాయాల్సి వచ్చింది. 1910 తరువాతి సంవత్సరాల్లో స్కూలు ఫైనల్ పరీక్షలో పిల్లలు ఏ తెలుగులో రాయాలి అనే మీద పెద్ద వాదం నడిచింది. గిడుగు, గురజాడ అప్పారావుగార్లు, బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన యేట్స్ దొర ఒకవైపు, గ్రాంథికవాదులైన పండితులు మరోవైపు నిలబడ్డారు. 1919లో గిడుగువారు 'తెలుగు' అనే పత్రిక నడిపారు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టినవారి రాతల్లోనే, వారి వ్యాకరణం ప్రకారమే ఎన్ని తప్పులు దొర్లాయో ఏరి చూపించారు.

ఇతరుల రాతలో తప్పులు పట్టి ఎగతాళి చేసేవారు ఈ చరిత్ర గుర్తు పెట్టుకోవాలి. గిడుగువారు నియమం వద్దనలేదు. నియమం జనం నోట్లో నుండి పుట్టాలి, జనానికి ఉపయోగపడాలి అన్నారు. వ్యాకరణం లేకుండా రాయడం వేరు, వాడుక వ్యాకరణంతో రాయడం వేరు. ఈ తేడా ఫోనులో రాసే మనకు కూడా వర్తిస్తుంది. వాట్సాప్‌లో గ్రాంథికం రాయనక్కర్లేదు. మాట్లాడినట్టు రాయొచ్చు. కానీ రాసింది అవతలివారు మనం అనుకున్నట్టే చదవగలగాలి.

1936: రెండు సంఘటనలు

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. పర్లాకిమిడి అందులోకి వెళ్ళింది. గిడుగువారు ఆ ఊరు వదిలి రాజమహేంద్రవరం వచ్చేశారు. అలా సవర జనం కూడా రెండు రాష్ట్రాల మధ్య, రెండు బడి భాషల మధ్య విడిపోయారు. కొండ అటువైపు పిల్ల ఒడియా అక్షరాలు దిద్దితే, ఇటువైపు పిల్ల తెలుగు అక్షరాలు దిద్దింది.

అదే 1936లో ఒడిశా వైపు మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తన జాతికి ఒక లిపిని తయారు చేశారు. దాన్ని సొరంగ్ సొంపెంగ్ అంటారు. అందులో 24 అక్షరాలు ఉన్నాయి. బయటివారు పెట్టే అక్షరం కాకుండా మన అక్షరం మనమే పెట్టుకోవాలనే ఆలోచన అది. దానికి భక్తిని కూడా జోడించి అక్షరాన్ని పూజించారు. అన్ని సవర ఊళ్ళకూ ఆ లిపి చేరకపోయినా ఆ ప్రయత్నం చిన్నది కాదు. 2012లో యూనికోడ్ ప్రమాణంలో ఆ లిపికి చోటు దొరికింది. అంటే కంప్యూటర్లకు, ఫోన్లకు ఆ అక్షరాలు కూడా తెలుసు.

గోండుల దారి, సంతాలుల దారి

ఇటు ఆదిలాబాద్ వైపు చూద్దాం. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తరువాత, గోండుల స్థితి తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను వినియోగించుకుంది. ఆయన మార్లవాయి గ్రామంలో ఉండి పనిచేశారు. 1943లో అక్కడ గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. మరాఠీ పరిచయం ఉన్న ప్రాంతం కాబట్టి ఆ వాచకాలు దేవనాగరి లిపిలో వచ్చాయి. గోండు పిల్లకు గోండు గురువే గోండిలో చదువు చెప్పడం ఆ రోజుల్లో పెద్ద విషయం. రాష్ట్రాలు మారి, బడి భాష తెలుగు అయ్యాక ఆ వాచకాలు నిలబడలేదు.

గోండులకు సొంత లిపులు లేవనుకోవడం కూడా పొరపాటే. 1918లో మున్షీ మంగళ్ సింగ్ మసారం ఒక లిపిని రూపొందించారు. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో వేరొక లిపిలో రాసిన పాత ప్రతులు దొరికాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావుగారు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం వారు ఆ లిపిని వెలుగులోకి తెచ్చారు. మసారం గోండి 2017లోనూ, గుంజాల గోండి 2018లోనూ యూనికోడ్‌లో చేరాయి.

సంతాలీవారి కథ మనకు పాఠం లాంటిది. 1925లో రఘునాథ్ ముర్ము ఓల్ చికి లిపిని తయారు చేశారు. 2003 రాజ్యాంగ సవరణతో సంతాలీ ఎనిమిదో షెడ్యూలులో చేరింది. 2008లో ఓల్ చికి యూనికోడ్‌లోకి వచ్చింది. 2018లో సంతాలీ వికీపీడియా మొదలైంది. లిపి ఒక్కటే ఉంటే సరిపోదు. ఈ మాట ఇలా రాయాలి అని జనం ఒక ఒప్పందానికి రావాలి, బడిలో నేర్పాలి, పుస్తకాలు వేయాలి, అప్పుడు ఫోనులోకి రావాలి. సంతాలీలు ఆ మెట్లన్నీ ఒక్కొక్కటిగా ఎక్కారు.

మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ 2004 ప్రాంతంలో ఒక మంచి ప్రయత్నం జరిగింది. సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో ప్రాథమిక వాచకాలు తయారు చేశారు. ఆ వాచకాల తయారీకి స్థానిక ఉపాధ్యాయులు, పెద్దలు కూర్చుని ఒక్కో మాటను ఎలా రాయాలి అని చర్చించుకున్నారు. ఆ చర్చే అన్నిటికంటే విలువైనది. వర్ణక్రమం ఆకాశం నుండి పడదు. పదిమంది కూర్చుని ఒప్పుకుంటేనే వస్తుంది.

తెలుగు యంత్రంలోకి వచ్చిన తీరు

ఇప్పుడు ఫోను సంగతికి వద్దాం. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగు ఉంది. అయినా చాలా ఏళ్ళు మనం దాన్ని వాడలేదు. డీటీపీ సెంటర్లలో వాడిన ఫాంట్లలో తెలుగు అక్షరం నిజానికి ఇంగ్లీషు అక్షరానికి తొడిగిన బొమ్మ. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అంతా గజిబిజి. ఆ కాలంలో తయారైన సావనీర్లను ఈ రోజు వెతుకుదామంటే ఒక్క మాట కూడా దొరకదు. కాగితం మీద చక్కగా ఉన్నది యంత్రానికి తెలుగుగా తెలియదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో మామూలు కంప్యూటర్లలో యూనికోడ్ తెలుగు కనిపించడం మొదలైంది. 2003 చివర తెలుగు వికీపీడియా వచ్చింది.

చిన్న ఫోన్ల కాలంలో మరో చిక్కు వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలతో ఒక ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగు లిపిలో అయితే 70 మాత్రమే. చాలా ఫోన్లలో తెలుగు కనిపించేదే కాదు. అందుకని జనం తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో రాయడం అలవాటు చేసుకున్నారు. అప్పుడు వేరే దారి లేదు. ఇప్పుడు ప్రతి ఫోనులో తెలుగు కీబోర్డు ఉంది, నోటితో చెబితే రాసే సౌకర్యం కూడా ఉంది. అలవాటు మాత్రం పోలేదు.

ఇందులో నష్టం ఏమిటో ఒక ఉదాహరణ చెబుతాను. కె, ఎ, ఎల్, ఎల్, యు అని ఐదు ఇంగ్లీషు అక్షరాలు కొట్టండి. అది కళ్లు కావచ్చు, కాళ్లు కావచ్చు, కల్లు కూడా కావచ్చు. "పాపకు అవి నొప్పి" అని రాత్రిపూట మెసేజ్ వస్తే ఆరోగ్య కార్యకర్త ఏ మందు పట్టుకెళ్ళాలి? పి, ఎ, టి, ఎ అంటే పాటా, పాతా? తెలుగులో దీర్ఘం అలంకారం కాదు. కలం వేరు, కాలం వేరు. పడి వేరు, పాడి వేరు. ల వేరు, ళ వేరు. మన భాష అర్థాన్ని ఈ చిన్న గుర్తుల్లోనే దాచుకుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ గుర్తులకు చోటు లేదు.

యంత్రానికి మన అక్షరం తేలిక కాదనడానికి 2018 ఫిబ్రవరిలో జరిగిన సంగతి ఒకటి ఉంది. జ్ఞానంలో వచ్చే 'జ్ఞా' అనే తెలుగు అక్షరం ఒక విధంగా మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. కంపెనీ తొందరగా సరిచేసింది. ఆ రోజు అందరూ నవ్వుకున్నారు. కానీ అందులో ఒక సంగతి ఉంది. మనకు ఒక్క అక్షరంగా కనిపించే 'జ్ఞా' యంత్రం లోపల జ, పొల్లు, ఞ, దీర్ఘం అని విడివిడి సంకేతాలుగా ఉంటుంది. వాటిని కలిపి చూపించే పని సాఫ్ట్‌వేర్‌ది. మన భాషను ఎక్కువమంది, ఎక్కువగా, సరిగా వాడితేనే తయారు చేసేవాళ్ళు ఆ పనిని జాగ్రత్తగా చేస్తారు.

ఆదివాసీ మాటల దగ్గరికి వస్తే ఈ సమస్య ఇంకా ముదురుతుంది. 'సవర' అని కొడుతుంటే 'సవరణ' అని ముందే చూపించే ఫోన్లు నేను చూశాను. నోటితో చెబితే మన ఇంటిపేర్లను, మన గూడల పేర్లను తనకు తెలిసిన ఏదో తెలుగు మాటగా మార్చేస్తుంది. ఫోను తప్పేమీ లేదు. అది చదివిన రాతల్లో మన మాటలు లేవు. మనం రాయకపోతే అది నేర్చుకోదు. ఒక్కొక్కరం ఒక్కో విధంగా రాసినా నేర్చుకోదు. 2011 జనాభా లెక్కల ప్రకారం సవర మాతృభాషగా ఉన్నవారు దేశంలో 4 లక్షలకు పైనే. అంతమంది ఉన్న భాష ఫోనుకు తెలియకుండా పోవడానికి కారణం జనం లేకపోవడం కాదు, రాత లేకపోవడం.

ఒక్క అక్షరం ఎంత ఖరీదు?

ఇప్పుడు అసలు నష్టం ఎక్కడ జరుగుతుందో చెప్పాలి. రాజ్యాంగంలోని 342వ అధికరణం కింద 1950 సెప్టెంబరు 6న షెడ్యూల్డు తెగల ఉత్తర్వు వచ్చింది. ఏ రాష్ట్రంలో ఏ తెగలు షెడ్యూల్డు తెగలో అందులో పేర్లు రాశారు. ఆ పేర్లను మార్చే అధికారం పార్లమెంటుకే ఉంది. 2000 నవంబరులో మహారాష్ట్ర ప్రభుత్వం, మిలింద్ అనే వ్యక్తి మధ్య కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒక మాట తేల్చి చెప్పింది. జాబితాలో ఉన్న పేరును ఉన్నది ఉన్నట్టుగానే చదవాలి. ఈ పేరుకు అర్థం అదే, ఆ పేరు కూడా ఇందులో భాగమే అని విచారణ జరిపి కలపడానికి కోర్టులకు గానీ అధికారులకు గానీ వీలు లేదు. దొంగ సర్టిఫికెట్లను ఆపడానికి ఈ తీర్పు మనకు రక్షణ. కానీ దీనికి మరో ముఖం ఉంది. నిజమైన ఆదివాసీ పేరు కాగితంలో ఒక అక్షరం తేడాగా పడితే, ఆ తేడాను సర్దుకుని చదివే అధికారం కింది అధికారికి ఉండదు.

ఛత్తీస్‌గఢ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. పలికే తీరులో, రాసే తీరులో చిన్న తేడాలు ఉండడంతో కొన్ని తెగలవారు ఏళ్ళ తరబడి సర్టిఫికెట్లు పొందలేకపోయారు. చివరికి భుయినియా, భుయియాన్, భుయాన్ వంటి పేర్లను భరియా భూమియా తెగకు మారుపేర్లుగా చేర్చడానికి పార్లమెంటు చట్టం చేయాల్సి వచ్చింది. 2023 జూలైలో రాజ్యసభ ఆ బిల్లును ఆమోదించింది. ఒక అచ్చు, ఒక హల్లు తేడా కోసం దేశ పార్లమెంటు కూర్చోవలసి వచ్చిందంటే స్పెల్లింగు చిన్న విషయమా?

మన ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి 2024లో జరిగిన సవరణతో బొండో పోర్జా, ఖోండ్ పోర్జా, కొండ సవర పేర్లు జాబితాలో చేరాయి. అంతకు ముందు పోర్జా, సవర అనే పేర్లు ఉన్నా ఈ పూర్తి పేర్లు లేవు. సరిహద్దు దాటి ఒడిశా జాబితా చూస్తే సవర జనమే సవోరా, సవర్, సౌరా, సహారా అని రకరకాల అక్షరాలతో ఉన్నారు. ఒకే ఇంటి అక్కాచెల్లెళ్ళు రెండు రాష్ట్రాల్లో కాపురముంటే వారి పిల్లల తెగ పేరు రెండు రకాలుగా ఉంటుంది.

హాస్టల్ వార్డెన్‌గా ప్రతి జూన్‌లో నా బల్ల మీదకు వచ్చే కాగితాల్లో ఇదే కథ. పుట్టిన తేదీ సర్టిఫికెట్‌లో ఒక స్పెల్లింగు, కుల ధ్రువీకరణలో ఇంకొకటి, బ్యాంకు పుస్తకంలో మూడోది. తండ్రికి చదువు రాదు. ఎవరో విని, తనకు తోచినట్టు ఇంగ్లీషులో కొట్టారు. సవర మాటలో గొంతు ఆగిన చోట ఒకరు అక్షరం వదిలేశారు, మరొకరు తెలుగు పేరులా ఉండాలని ఒక అక్షరం కలిపారు. పిల్ల ఇంటర్‌కు వెళ్ళే ఏడు ఉపకార వేతనం ఆగిపోతుంది. పేరు సరిపోలలేదు అని ఒక వరుస వస్తుంది. దాన్ని సరిచేయించుకోవడానికి తండ్రి కూలి మానుకుని మూడు నాలుగు సార్లు కొండ దిగాలి. ఒక దీర్ఘం ఖరీదు అతనికి నాలుగు రోజుల కూలి. మా పిల్లలకు స్పెల్లింగు ఎందుకు అని అడిగితే నేను చెప్పే జవాబు ఇదే.

తప్పు ఏది, తేడా ఏది?

ఇంతవరకు చదివి, ఇకనుండి తప్పు రాసిన ప్రతి పిల్లనూ మందలించాలని ఎవరైనా అనుకుంటే నా ఉద్దేశం అది కాదు. టీచర్ ట్రైనింగ్‌లో మాకు నేర్పింది ఒకటుంది. తప్పును కొట్టివేసే ముందు అది ఎందుకు వచ్చిందో చూడు. 'భూమి'ని 'బూమి' అని, 'ధనం'ను 'దనం' అని రాసే పిల్లలు చాలామంది. ఒత్తక్షరాలు తెలుగులోకి సంస్కృతం నుండి వచ్చినవి. పుట్టుకతో తెలుగు మాట్లాడేవారి నోట కూడా అవి మామూలు మాటల్లో సరిగా పలకవు. ఇంట్లో సవర మాట్లాడే పిల్ల విన్నది విన్నట్టు రాసింది. అది సోమరితనం కాదు, చెవి చేసిన పని. ఆమెకు ఆ అక్షరం చూపించి, పది మాటలు చదివించి నేర్పాలి. నలుగురిలో నవ్వితే ఆమె రాయడం మానేస్తుంది. రాయడం మానేసిన పిల్ల తన హక్కు కోసం దరఖాస్తు కూడా రాయదు.

అలాగే గ్రూపుల్లో మన పెద్దవాళ్ళు తమ యాసలో రాస్తే, "తెలుగు రాదా?" అని వెక్కిరించే కుర్రవాళ్ళు ఉన్నారు. యాస తప్పు కాదు. ఉత్తరాంధ్ర మాట ఉత్తరాంధ్ర మాటగానే రాయొచ్చు. గిడుగువారు ఆ గౌరవం కోసమే జీవితమంతా పోరాడారు. పేరు తప్పు పడడం, తేదీ తప్పు పడడం, మందు పేరు తప్పు పడడం, అర్థం తారుమారయ్యేలా అక్షరం పోవడం తప్పులు. వాటిని సరిచేయాలి. ఇంటి నుడికారం రాతలోకి రావడం తేడా. దాన్ని మన్నించాలి.

మనం చేయగలిగినవి

మా హాస్టల్‌లో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుకు వెళ్ళే ప్రతి మెసేజ్‌నూ ఇద్దరు పిల్లలు చదివి చూశాకే పంపుతాం. తెలుగు మాట తెలుగు లిపిలోనే ఉండాలి. తేదీ రాస్తే నెల పేరు, వారం పేరు కూడా రాయాలి, ఎందుకంటే 5/6 అంటే కొందరికి జూన్, కొందరికి మే. ఒక వాక్యంలో ఒక్క సంగతే చెప్పాలి. వాక్యం అయ్యాక చుక్క పెట్టాలి. చదువురాని తల్లి ఉంటే అదే సంగతి సవరలో మాటగా రికార్డు చేసి కూడా పంపుతాం. ఈ పని అప్పజెప్పాక పిల్లల రాత బాగుపడింది. మార్కుల కోసం కాకుండా తమ ఊరివాళ్ళు చదువుతారని రాస్తున్నారు కాబట్టి.

ప్రతి బాలిక తన పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరి పేరు, తెగ పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒకే విధంగా ఒక చిన్న కార్డు మీద రాసుకుని పెట్టుకుంటుంది. ఎక్కడ ఏ ఫారం నింపినా ఆ కార్డు చూసే నింపాలి. తెగ పేరు మాత్రం షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్న స్పెల్లింగు ప్రకారమే రాయిస్తాం. మా సీతంపేట పేరుకే ఇంగ్లీషులో మూడు రకాల స్పెల్లింగులు కనిపిస్తాయి, ఇక కొండ మీది గూడల సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే ఈ కార్డు.

సంఘం పెద్దలకు ఒక మనవి. మన సంఘం తరఫున, ఒక్కో భాషకు ఐదారుగురు పెద్దలను, ఇద్దరు ఉపాధ్యాయులను, ఇద్దరు చదువుకున్న యువకులను కూర్చోబెట్టి ఒక మాటల పట్టిక తయారు చేయాలి. ఇంటిపేర్లు, గూడల పేర్లు, పండుగల పేర్లు, చుట్టరికాలు, చెట్ల పేర్లు, జబ్బుల పేర్లు. ఒక్కో మాటకు తెలుగు లిపిలో ఒకే రాత, ఇంగ్లీషులో ఒకే స్పెల్లింగు. తెలుగులో లేని ధ్వనికి ఏ గుర్తు వాడాలో అందరూ ఒప్పుకోవాలి. ఆ పట్టికను యూనికోడ్‌లో కొట్టి, బొమ్మగా కాకుండా వెతకడానికి వీలైన రాతగా అందరికీ ఇవ్వాలి. ఐక్యరాజ్యసమితి 2022 నుండి 2032 వరకు ఆదివాసీ భాషల దశాబ్దంగా ప్రకటించింది. ఆ పదేళ్ళు అయిపోయే లోపు మన దగ్గర ఈ పట్టికైనా ఉండాలి. ఇలాంటి ఈ-సంచికల్లో ఆదివాసీ భాషల్లో రాసిన ఒకటి రెండు పేజీలైనా ప్రతి ఏటా వేస్తే అది కూడా ఆ పనిలో భాగమే.

గిడుగువారు సవర నేర్చుకునే రోజుల్లో కాగితం, కలం, చెవి తప్ప వేరే సాధనం లేదు. మంగేయి గొమాంగోకు అది కూడా చాలా కష్టంగా దొరికి ఉంటుంది. ఇప్పుడు మా హాస్టల్‌లో పదో తరగతి చదివే సవర పిల్ల చేతికి సెలవుల్లో అన్న ఫోను దొరుకుతుంది. అందులో తెలుగు ఉంది, సవర అక్షరాలకు చోటు కూడా ఉంది. లేనిది మనం రాసిన రాత. మన పేరును మనం సరిగా రాసుకుంటే, దాన్ని తప్పుగా రాసే అవకాశం ఇంకెవరికీ ఇవ్వం.